సాఫ్ట్‌వేర్ పని బయటికిస్తే ఏమవుతుంది? 2019 ఇంటర్ ఫలితాల కథ

కొల్లిపర నుంచి ఇంకో ఎపిసోడ్.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుని బయట కంపెనీకి ఇస్తే సక్సెస్ ఛాన్స్ ఎంత? నెట్‌లో వెతికితే ఎక్కువగా దొరికేది అమెరికాలోని స్టాండిష్ గ్రూప్ 1994లో ఇచ్చిన లెక్క. సక్సెస్ 16.2 శాతం, మధ్యలో ఆగిపోయినవి 31.1 శాతం. మిగతా 52.7 శాతం లేటయ్యో, బడ్జెట్ దాటో, అనుకున్నవన్నీ లేకుండానో పూర్తయ్యాయి. ఇది ఔట్‌సోర్సింగ్ ఒక్కదానిదే కాదు, మొత్తం ఐటీ ప్రాజెక్టులది. అయినా నాకు దీంతో ఒక పేచీ ఉంది. టైము, డబ్బు, ఫీచర్లు... మూడింటికీ టిక్ పడితే సక్సెస్. మరి వాడేవాళ్ల సంగతి?

పక్క రాష్ట్రం తెలంగాణ చూడండి. అక్కడి ఇంటర్ బోర్డు ఫలితాల ప్రాసెసింగ్ పని గ్లోబరీనా అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. 2019 ఏప్రిల్ 18న ఫలితాలొచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు రాస్తే మూడు లక్షలకు పైగా ఫెయిల్. పరీక్ష రాసినవాళ్లకి ఆబ్సెంట్ అని పడింది. ఒకమ్మాయికి తెలుగులో 99 వస్తే 00 అని చూపించింది. నిజానికి అది పేపర్ దిద్దినవాళ్లు ఓఎంఆర్‌లో బబుల్ తప్పుగా దిద్దడం వల్ల. కానీ అన్నిట్లో బాగా వచ్చి ఒక్కదాంట్లో సున్నా పడితే సిస్టమ్ ఆగి అడగాలి కదా? అడగలేదు. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన వాళ్లందరికీ ఫ్రీగా రీ-వెరిఫికేషన్ చేశారు. ఈసారి ఇంకో ఏజెన్సీతో కూడా పక్కపక్కనే ప్రాసెస్ చేయించారు. దీన్నే ప్యారలల్ రన్ అంటారు. రెండు లెక్కలూ కలవకపోతే ఫలితాలు బయటికి రాకముందే తెలిసిపోతుంది. నా ఉద్దేశంలో ఇది మొదటి రోజే జరగాల్సిన పని. మన దగ్గర పొలం కౌలుకిచ్చినా గట్టు మీదకెళ్లి చూసొస్తాం కదా!

రీ-వెరిఫికేషన్‌లో 1,137 మంది పాసయ్యారు. ఫెయిలైనవాళ్లలో అర శాతం కూడా కాదు. రిపోర్టులో పెడితే ఎవరి కంటికీ ఆనదు. ఆ 1,137లో మీ చెల్లెలుంటే?

ఇంటర్ రాసిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ చూస్తుంటే ఒక్క మాట. మార్కులు తేడాగా అనిపిస్తే రీ-వెరిఫికేషన్‌కి అప్లై చేయండి. మనసు బాగోకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.