ఉద్యోగం దొరికిన తర్వాత
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి చదువు గురించి కాకుండా, పనిచోట మనిషి మనసు గురించి మాట్లాడమని కార్యవర్గం వారు కోరారు. బడిలో పాఠాలు చెప్పేవాళ్లకు ఫ్యాక్టరీల సంగతి ఏం తెలుసని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ తండ్రి ఏ షిఫ్టులో ఉన్నాడో బిడ్డ ముఖం చూసి చెప్పగలిగే స్థితికి ముత్తుకూరు ఉపాధ్యాయులం మేము ఎప్పుడో వచ్చాం.

ఉద్యోగం అన్న మాటకు మన దగ్గర ఎంత విలువ ఉందో అందరికీ తెలుసు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి మనవాళ్లూ హిందూ సోదరులూ రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టెలతో పాటు ఉద్యోగ రొట్టె కోసం ఎంతమంది వెతుక్కుంటారో ఏటా చూస్తూనే ఉన్నాం. మన సంఘం కట్టే ఫీజులు, ఇచ్చే స్కాలర్‌షిప్పులు కూడా చివరికి ఆ ఉద్యోగం కోసమే. అయితే ఉద్యోగం దొరికిన మరుసటి రోజు నుంచి ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడో మనం అడగడం లేదు. మేము చెప్పదలచుకున్నది ఆ సంగతే.

మన ప్రాంతంలో పని ఎంత మారిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. ఒకప్పుడు ఇక్కడి పని వరి పైరును బట్టి, సముద్రం పోటును బట్టి నడిచేది. 2008లో కృష్ణపట్నం రేవు కొత్త రూపంలో ప్రారంభమైంది. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వచ్చింది. అందులో ఇప్పుడు 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. వంటనూనెల ఫ్యాక్టరీలు, లారీ ఆఫీసులు, రొయ్యల గుంటలు పెరిగాయి. వీటివల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, ఆ మేలు కాదనలేం. కానీ పని గడియారం మీదికి, షిఫ్టుల మీదికి, కాంట్రాక్టుల మీదికి మారింది. ఓడ అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే పని. వచ్చే నెల ఈ పని ఉంటుందా అన్నది చాలామందికి తెలియదు. 2024 తొలినాళ్లలో రేవుకు కంటైనర్ల రాకపోకలు ఆగిపోయాయన్న వార్త వచ్చినప్పుడు మా తరగతుల్లో పిల్లలు కూడా దాని గురించే మాట్లాడుకున్నారు.

ఒత్తిడి అంటే పని ఎక్కువ కావడమేనని మనం అనుకుంటాం. అది సగం నిజం. మా దగ్గర చదువుకున్న ఇద్దరు రొయ్యల గుంటల మీద రాత్రి కావలి పనిలో చేరారు. జీతంలో పెద్ద తేడా లేదు, గుంటలూ ఇంచుమించు అంతే. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి. వెంటనే జనరేటర్ వేయకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి లక్షల సరుకు చచ్చి తేలుతుంది. ఇద్దరి తల మీదా ఉన్నది ఆ బరువే. ఒకరి యజమాని డీజిల్ ముందే తెచ్చిపెట్టి, "కరెంటు పోతే నువ్వే జనరేటర్ వేసేయ్, పొద్దున నాకు చెప్పు" అన్నాడు. రెండో యజమాని, తనను అడగకుండా జనరేటర్ ముట్టుకోవద్దన్నాడు. ఫోన్ చేస్తే నిద్ర చెడగొట్టావని తిట్టేవాడు, చేయకపోతే సరుకు పోగొడతావా అని తిట్టేవాడు. మొదటి అతను ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. రెండో అతనికి కొన్ని నెలల్లోనే బీపీ వచ్చింది, ఇంట్లో గొడవలు మొదలయ్యాయి, చివరికి పని మానేశాడు. చురుగ్గా ఉండే అతని కూతురు ఆ ఏడాది తరగతిలో నోరు విప్పలేదు.

ఈ తేడాను 1979లో రాబర్ట్ కరసెక్ అనే అమెరికా పరిశోధకుడు ఒక సూత్రంగా చెప్పాడు. పని బరువు ఎక్కువగా ఉండి, ఆ పని మీద తన నిర్ణయం ఏమీ లేకపోతేనే మనిషి ఎక్కువగా కుంగిపోతాడు. అంతే బరువున్నా నిర్ణయం తీసుకునే వీలుంటే అదే పని మనిషికి నేర్పు తెస్తుంది. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం కూడా ఇలాంటి సంగతే బయటపెట్టింది. పెద్ద బాధ్యతలున్న పై అధికారులకే గుండెజబ్బులు ఎక్కువని అప్పట్లో అనుకునేవారు. తీరా లెక్కలు చూస్తే, గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయింది అట్టడుగు హోదాలో ఉన్నవాళ్లు. పొగతాగడం వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. తర్వాత 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, తమ పని మీద తమకు పట్టు లేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణంగా తేలింది.

అంటే పనివాడి ఆరోగ్యంలో కొంత భాగం యజమాని మాటలో ఉంది. ఇక్కడే నాయకత్వం ప్రశ్న వస్తుంది. నాయకత్వం అనగానే మనకు మంత్రులు, కలెక్టర్లు గుర్తొస్తారు. ముగ్గురు పనివాళ్లున్న బట్టల దుకాణం యజమాని నాయకుడే. లారీ ఓనర్, మేస్త్రీ, సూపర్‌వైజర్, మాలాంటి ఉపాధ్యాయులు, అందరూ నాయకులే.

"పనివాళ్లకు చనువిస్తే నెత్తికెక్కుతారు" అనే మాట తరచుగా వింటుంటాం. దీనికి జవాబు బి.ఇడి.లో మేము చదువుకున్న ఒక ప్రయోగంలో ఉంది. 1939లో కర్ట్ లెవిన్, లిప్పిట్, వైట్ అనే ముగ్గురు పదేళ్ల వయసు పిల్లలను జట్లుగా చేసి, చేతిపనులు అప్పగించారు. ఒక రకం నాయకుడు అన్నీ తానే శాసించాడు. ఇంకో రకం నాయకుడు పిల్లలతో మాట్లాడి నిర్ణయించాడు. మూడో రకం నాయకుడు ఏమీ పట్టించుకోకుండా వదిలేశాడు. శాసించేవాడు ఎదురుగా ఉన్నంతసేపు పని బాగానే సాగింది. అతను గది దాటగానే చాలావరకు ఆగిపోయింది. మాట్లాడి చేయించిన జట్టు మాత్రం నాయకుడు లేకపోయినా పని కొనసాగించింది. వదిలేసిన జట్టులో పనీ సాగలేదు, పిల్లలూ తృప్తిగా లేరు. కాబట్టి అడిగి చేయించడం వేరు, గాలికి వదిలేయడం వేరు.

ఇప్పుడు చట్టాలు కూడా మారుతున్నాయి. ఫ్యాక్టరీలలో రోజు పనివేళ పరిమితిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచాలని 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఒక చిన్న లెక్క చేద్దాం. మూడు నెలలంటే 13 వారాలు. 144ను 13తో భాగిస్తే వారానికి సుమారు 11 గంటలు. మామూలు 48 గంటలకు కలిపితే 59. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోల్చి చెప్పిన మాట ఇది.

ఫ్యాక్టరీల సంగతి అలా ఉంచి మన దుకాణాల లెక్క చూద్దాం. ఉదయం 9కి వచ్చి రాత్రి 9.30కి వెళ్లే సేల్స్ కుర్రవాడికి భోజనం గంట తీసేసినా రోజుకు పదకొండున్నర గంటలు. ఆరు రోజులకు 69.

యజమానులకు ఒత్తిడి లేదని మేము అనడం లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతులు ఎంత నలిగిపోయారో ఈ సభలో ఉన్నవారికే బాగా తెలుసు. కానీ నీరు పల్లమెరుగు అన్నట్టు ఒత్తిడి కూడా కిందికే పారుతుంది. యజమాని కోపం సూపర్‌వైజర్ మీదికి, అతని కోపం కావలివాడి మీదికి, అక్కడి నుంచి ఇంట్లో భార్య మీదికి, చివరకు బిడ్డ మీదికి వస్తుంది. ఆ బిడ్డకే మనం ఇక్కడ స్కాలర్‌షిప్పు ఇస్తున్నాం. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టు కాకూడదు కదా.

ఒత్తిడి ముదిరితే వచ్చే స్థితిని బర్నౌట్ అంటారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి మూడు గుర్తులు చెప్పింది: సత్తువ పూర్తిగా అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేతనైన పని కూడా సరిగా చేయలేకపోవడం. దాన్ని జబ్బుగా కాక, పనిచోట చాలాకాలం సర్దుబాటు కాని ఒత్తిడి ఫలితంగా లెక్కించింది. అందువల్ల "వాడికి సోమరితనం" అని తేల్చేసే ముందు పనిచోటును కూడా చూడాలి.

దాతలైన పెద్దలకు మా మనవులు ఇవి.

1. డ్యూటీల జాబితా కనీసం వారం ముందు చెప్పండి. రేపు ఏ షిఫ్టో తెలియని మనిషికి నిద్ర ఉండదు.

2. జీతం చెప్పిన తేదీకి ఇవ్వండి. ఆలస్యమయ్యేలా ఉంటే ముందే చెప్పండి. అప్పులవాడికి జవాబు చెప్పుకోవలసింది ఆ మనిషే.

3. తప్పు జరిగితే పక్కకు పిలిచి చెప్పండి. పదిమందిలో తిట్టిన తిట్టు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

4. ఏయే విషయాల్లో తానే నిర్ణయం తీసుకోవచ్చో పనివాడికి స్పష్టంగా చెప్పండి. ఆ నిర్ణయం వికటించినా అండగా నిలబడండి.

5. వారానికి ఒక సెలవు ఇవ్వండి. సెలవు రోజున ఫోన్ చేయకండి.

వీటిలో చాలావాటికి డబ్బు ఖర్చు లేదు.

సంఘానికి కూడా ఒక విన్నపం. మన స్కాలర్‌షిప్పుతో చదివి ఉద్యోగాల్లో చేరినవారిని ఏడాదికి రెండుసార్లు పిలిచి కూర్చోబెట్టి, ఎలా ఉన్నారని అడుగుదాం. మనసు బాగాలేని వారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును మన కార్యాలయం గోడ మీద, దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన రాసిపెడదాం. మనసు బాగాలేదని చెప్పడం పరువు తక్కువ కాదని మన ఇళ్లలో పెద్దలే ముందు అనాలి.

పుస్తకాలకు, ఫీజులకు మీరు ఇస్తున్న ప్రతి రూపాయికీ ఉపాధ్యాయులుగా మేము కృతజ్ఞులం. ఆ దయ మీ దగ్గర పనిచేసేవారి పనివేళల్లోకి, మీరు వారితో ఆడే మాటల్లోకి కూడా రావాలని కోరుతున్నాం. మనందరికీ ఆ మనసును అల్లాహ్ ప్రసాదించాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.