కొలదిమందిలో కొలదిమంది

మడకశిర సీమలో మేము ఇంట కన్నడము పలుకుదుము. సంతకును కచేరికిని పోయినపుడు తెలుగు పలుకుదుము. 2022లో పుట్టపర్తి కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడిన పిదపను ఈ వాడుక మారలేదు. మేము నిన్న మొన్న వలస వచ్చినవారము కాము. హేమావతిలో నొళంబరాజుల నాటి కన్నడ శాసనములు నేటికిని ఉన్నవి. రాష్ట్రపు సరిహద్దు మమ్ము కొలదిమందిని చేసినది. దానికి ఆవల, పావగడలో, తెలుగు పలుకు కుటుంబములది ఇదే స్థితి. కావున అల్పసంఖ్య యనునది మనుష్యుని గుణము కాదు. అతడు నిలిచిన చోటు.

స్త్రీలమైన మాకు ఆ చోటు మరింత ఇరుకు. పట్టాదారు పుస్తకము మా పేరనే యున్నను, కచేరిలో ప్రశ్న మా ప్రక్కన నిలిచిన కుమారునకే వేయుదురు. మా తెలుగు తడబడునని వాడే బదులు చెప్పును. మా మౌనమును చూచినవారు, వీరికి చెప్పవలసినది ఏమియు లేదనుకొందురు.

1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని దాని భావము. అది పిల్లలకు మేలు. అయితే కన్నడ బడి నిలువవలెనని మా పెద్దలు కూడిన సభలోనైనను స్త్రీకి మాట దొరకుట అరుదు. హక్కు కోరు కొలదిమందిలోను ఇంకను కొలదిమంది యుందురు. ధర్మవరము నుండి మా ఇండ్లలో మెట్టిన తెలుగు కోడలిని తలచుకొనుడు. వీధిలో ఆమె భాషదే పైచేయి. మా వంటయింట ఆమె యొక్కతె.

భాషనైన గొంతు తగ్గించి దాచుకొనవచ్చును. దేహపు రంగును దాచుటెట్లు? 1860 మొదలుకొని నేటాలు చెరకుతోటలకు పోయిన కూలీలలో తెలుగువారును కలరు. వారి సంతతిని దక్షిణాఫ్రికాలో 1950 నాటి జనాభా నమోదు చట్టము జాతినిబట్టి వేరుగా వ్రాసినది. 1991లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. స్త్రీ రూపమును అట్టిదే. సభలో అడుగిడగానే కనబడును, పలుకకమునుపే తూచబడును.

మేము కోరునది జాలి కాదు. రాష్ట్రమందైనను, వంటయింటనైనను, ఎక్కువమందిగా నున్నవారు ఎదుటి మనిషినే నేరుగా అడుగవలెను. తడబడిన మాట పూర్తియగు వరకు ఓపికతో వినవలెను. దీనికి చట్టము అక్కరలేదు. ఈ మర్యాద మనచేతిలోనిదే.