ఈగ నేర్చిన పాఠము

మాగిన అరటిపండుపై ముసురు చిన్ని ఈగను మనము చేతితో తోలివేయుదుమే కాని, గసగసాల గింజంతటి దాని తలలో పాఠము నేర్చి, జ్ఞాపకముంచుకొని, కొంతకాలమునకు మరవగల మెదడొకటి యున్నదని తలపము. 1974లో అమెరికాలో శాస్త్రజ్ఞుడు సీమోర్ బెంజర్, ఆయన సహచరులు ఈ ఈగలకు ఒక వాసనతో పాటు విద్యుదాఘాతము కలిగించి, రెండవ వాసనను ఊరక సోకనిచ్చి పరీక్షింపగా, అవి తరువాత మొదటి వాసననుండి తొలగిపోసాగినవి.

ఈ విద్యకు నెలవు మెదడులో పుట్టగొడుగు ఆకృతి గల జంట భాగము. ఒక్కొక్క ప్రక్క సుమారు 2,000 కణములు కలవు. ఒక్కొక్క వాసనకు వానిలో కొలదిపాటివే మేల్కొనును. ఆ సమయముననే శిక్ష తగిలినచో, డోపమైను అను రసాయనమును విడుచు నాడీకణములు చురుకుగొని, మేల్కొన్న కణములకును, “దగ్గరకు పొమ్ము” అని ప్రేరేపించు కణములకును నడుమనున్న సంధిని బలహీనపరచును. తీపి దొరకినచో, వేరొక డోపమైను కణముల గుంపు “తొలగిపొమ్ము” అను త్రోవను సన్నగిలజేయును. కావున ఈగకు నేర్చుట యనగా, చాలవరకు, ఉన్న రెండు దారులలో ఒకదానికి కంప అడ్డము వేయుటయే.

చిత్రమేమనగా, పాఠము ముగిసిన పిదపగూడ డోపమైను మెల్లగా వెలువడుచు, నేర్చినదానిని చెరిపివేయుటకును తోడ్పడునని 2012లో వెల్లడియైనది. అక్షరము దిద్దించిన చేతితోడనే పలక తుడుచు ఈ గురువు, ఆ అల్పజీవికి రేపటి పాఠమునకు చోటు మిగుల్చుచున్నాడు కాబోలు.