లోపలి మార్పు – వెలుపలి మాట
(ప్లాటినమ్ జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ విద్యకు బెంగళూరు పెట్టింది పేరు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఈ నగరంలో తన కేంద్రాన్ని నెలకొల్పింది. 2001లో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలసి సామాన్యుని కోసం ‘సింప్యూటర్’ అనే చేతి కంప్యూటర్ నమూనాను వెలువరించారు. దానిని నడిపినది లినక్స్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఆ లినక్స్‌ను నేడు దేశదేశాలలో వేలాది మంది దిద్దుతున్నారు. ఇన్ని చేతులు దిద్దే కట్టడం కూలిపోకుండా నిలవడానికి కారణమేమిటన్నదే నేటి ప్రసంగ విషయం.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది కెర్నల్. మెమరీని, డిస్కును, తెరను ప్రోగ్రాములకు పంచిపెట్టేది అదే. ఒక్కొక్క పరికరాన్ని నడిపే డ్రైవరును మాడ్యూల్ రూపంలో అవసరమైనప్పుడు దానికి చేర్చవచ్చు.

ఈ కెర్నల్ అనే ఇంటికి రెండు వాకిళ్లు. వీధి వాకిలి ప్రోగ్రాములది. ఏనాడో వ్రాసిన ప్రోగ్రామ్ కొత్త కెర్నల్ మీద కూడా నడవాలన్నది టోర్వాల్డ్స్ పట్టుదలతో కాపాడుతున్న నియమం. పెరటి వాకిలి మాడ్యూళ్లది. దానికి అటువంటి హామీ లేదు. యు.ఎస్.బి. పరికరాలకు సంబంధించిన లోపలి ఇంటర్‌ఫేస్ కనీసం మూడు పర్యాయాలు తిరగరాయబడింది. పాత దారులన్నింటినీ అలాగే ఉంచితే వాటి లోపాలు కూడా అలాగే నిలిచిపోతాయి. అందుచేత మార్పుకు అనుమతి ఉంది. అయితే ఒక ఫంక్షన్‌ను మార్చినవారే కెర్నల్‌లో దానిని పిలిచే ప్రతి చోటునూ సరిదిద్దాలి.

పాఠశాలలోనూ ఇంతే. టైమ్‌టేబుల్‌ను మార్చవచ్చు, మార్చినవారే ప్రతి తరగతికీ దానిని సర్దాలి. బడి ఇచ్చిన టి.సి. మాత్రం యాభై ఏళ్ల తరువాతనైనా చెల్లి తీరాలి.

చిక్కు ఎక్కడంటే, కెర్నల్‌లో చేరక వెలుపలనే ఉండిపోయిన మాడ్యూళ్లతో. వాటిని సరిదిద్దే బాధ్యత వాటి యజమానులదే. ప్రతి మాడ్యూల్ తాను ఏ కెర్నల్ కోసం తయారైనదో తెలిపే ముద్రను మోస్తుంది. ఫంక్షన్ల ఆకృతిని బట్టి లెక్కించిన సంఖ్యలను కూడా సరిచూసే ఏర్పాటు ఉంది. అవి పొసగకపోతే కెర్నల్ మాడ్యూలును లోనికి రానివ్వదు. ఇది కాఠిన్యం కాదు, జాగ్రత్త. ఆకృతి మారినది తెలియక మాడ్యూల్ వేరొకరి మెమరీలో వ్రాస్తే యంత్రం నిలిచిపోవచ్చు, సమాచారం నశించవచ్చు. మాడ్యూలును కొత్త కెర్నల్‌కు తగినట్లు దిద్ది మరల కంపైల్ చేయడమే మార్గం. మూలప్రతి చేతిలో లేనివారికి ఆ మార్గమూ మూసుకుపోతుంది.

దీని ఫలితం సామాన్యుల ఇళ్ల దాకా వస్తుంది. ఫోనులోని చిప్పు డ్రైవర్లను తయారీదారు కొత్త కెర్నల్‌కు అనుగుణంగా దిద్దకపోతే, తెర, బ్యాటరీ బాగున్నా ఆ ఫోనుకు భద్రతా సవరణలు అందడం కష్టమవుతుంది. పైకం పెట్టి కొన్న వస్తువు అకాలంలో చెత్తకుప్ప పాలవుతుంది. ఈ ఇబ్బందిని తగ్గించడానికి గూగుల్ సంస్థ, ఆండ్రాయిడ్ 12తో, 5.10 లేదా అంతకు పై కెర్నల్‌తో విడుదలయ్యే ఫోన్లకు ఉమ్మడి కెర్నల్‌ను విధించింది. చిప్పు డ్రైవర్లు విడి మాడ్యూళ్లుగా ఉంటాయి. ఒక కెర్నల్ శాఖ పరిధిలో వాటితో కుదిరిన ఇంటర్‌ఫేస్ స్థిరంగా ఉంటుంది. రెడ్ హ్యాట్ సంస్థ కూడా ఒక ప్రధాన విడుదల కాలమంతా ఎంపిక చేసిన ఫంక్షన్లను మార్చకుండా కాపాడుతుంది. శాశ్వతమైన వాగ్దానం కాకపోయినా, గడువు తెలిపి ఇచ్చిన మాట అది.

రేపు ఇంజనీర్లు కాబోయే విద్యార్థులు ఇందులోని నీతిని గ్రహించాలి. తమ పనిని దాచుకున్నవారు దాని మరమ్మతు భారాన్ని ఒంటరిగా మోయాలి. నలుగురి ముందు ఉంచినవారికి నలుగురూ తోడు నిలుస్తారు. మార్చే స్వేచ్ఛ కోరేవారు ముందుగా, ఆ మార్పుపై ఎవరెవరు ఆధారపడి ఉన్నారో విచారించాలి. డెబ్బై అయిదేళ్లుగా పాఠ్యక్రమాలు మారినా తన మాట నిలుపుకున్న ఈ పాఠశాల బిడ్డలకు ఆ పాఠం కొత్తది కాబోదు.

స్వస్తి.