ఆవకాయ లెక్కలో నా కూలి

(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ రోజుల్లో ఏ నలుగురు ఆడవాళ్ళు కలుసుకున్నా ఒక మాట తప్పకుండా వస్తోంది. ఇంట్లో కూర్చునే నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చునట, చేతిలో ఫోను ఉంటే చాలునట, కొట్టు అద్దెకు తీసుకోనక్కర లేదట అని. ఆ మాట విని నేనూ దిగాను. ఏం జరిగిందో దాపరికం లేకుండా చెబుతాను. దిగాలనుకొనే వారికి పనికివస్తుంది.

మాది విజయవాడ. నేను చదివింది పదో తరగతి. వ్యాపారం మా ఇంటా వంటా లేదు. నాకు వచ్చిందల్లా ఆవకాయ పెట్టటం. 2023 వేసవిలో మా పై వాటా ఆవిడ నా ఆవకాయ తీసుకువెళ్ళి బెంగుళూరులో ఉన్న వాళ్ళ చెల్లెలికి ఇచ్చింది. ఆ అమ్మాయి "డబ్బు పంపుతాను, ఇంకో రెండు కిలోలు పంపండి అత్తయ్యగారూ" అని ఫోను చేసింది. అక్కడ మొదలైంది. మా అమ్మాయి జాడీకి ఫోటో తీసి వాట్సాప్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టింది. కిలో అయిదు వందలు, కొరియర్ ఖర్చు మాదే అని రాయించాను. అందరూ అలాగే రాస్తున్నారు కదా!

మా అత్తగారు మాత్రం ముఖం చిట్లించారు. "ఊరగాయ నలుగురికీ పంచిపెట్టుకొనేదే గాని అమ్ముకొనేదిటమ్మా?" అన్నారు. ఆవిడ కాలానికి ఆ మాట న్యాయమే. నేను ఊరుకొని, అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచిన చీటీ డబ్బులో పదివేలు తీసి పెట్టుబడి పెట్టాను. జూన్‌లో ఫీజు కట్టే నాటికి ఆ పదివేలూ తిరిగి పెట్టి, పైన ఇంకో ఏడెనిమిది వేలు కలుపుతానని మావారితో గొప్పగా చెప్పాను.

పాతిక రోజుల్లో నలభై కిలోలు అమ్మాను. ఇరవై వేల రూపాయలు ఫోనులోకి వచ్చాయి. డబ్బు పడినప్పుడల్లా ఫోను మోగుతుంటే నేను వంటింట్లో నిలబడి మురిసిపోయేదాన్ని.

జూన్‌లో మా అమ్మాయి నోటు పుస్తకం పట్టుకొని కూర్చుంది. మామిడికాయలు, ముక్కలు కొట్టించిన కూలి, నువ్వుల నూనె, కారం, ఆవపిండి, ఉప్పు అన్నీ కలిపి కిలోకు రూ. 240 చొప్పున 9,600. సీసాలు, అట్టపెట్టెలు 1,800. కొరియర్‌కు 4,400. దారిలో సీసాలు పగిలీ, నూనె కారీ పాడైనవి ఆరు. వాటికి బదులు మళ్ళీ పంపినందుకు 2,370. సాయానికి వచ్చిన మనిషికి రెండు రోజుల కూలి, ఆటో ఖర్చు కలిపి 1,200. మొత్తం 19,370. మిగిలింది 630 రూపాయలు!

అమ్మాయి ఒక్క నిమిషం ఊరుకొని, "అమ్మా, ఇందులో నీ కూలి ఎక్కడ రాశావు?" అని అడిగింది.

రాయలేదు. నాకు ఆ ఊహే తట్టలేదు. సాయానికి వచ్చిన ఆవిడకు రోజుకు అయిదు వందలు ఇచ్చాను. తెల్లవారుజామున లేచి, కాయలు కడిగి తుడిచి, ముక్కల్లో జీడి తీసి, కలిపి, ప్యాకింగు చేసి, రాత్రి పదకొండింటి దాకా ఫోనులో జవాబులు చెప్పిన నాకు రోజుకు పాతిక రూపాయలు గిట్టింది. పెట్టుబడి పదివేలూ తిరిగి వచ్చింది గనుక ఫీజు ఆగలేదు గాని, మావారి ముందు తల ఎత్తలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు. అంటేనే బాగుండునేమో అనిపించింది.

ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. ఇంట్లో మనం చేసే చాకిరీకి ఎవరూ ఖరీదు కట్టరు, మనమూ కట్టుకోము. సంసారంలో అది చెల్లుతుంది. వ్యాపారంలో కూడా అదే అలవాటు పట్టుకుపోతే మన కష్టాన్ని ఊరికే పంచిపెట్టినట్టే.

పాపడ్ల వ్యాపారంలో పేరు మోసిన లిజ్జత్ సంస్థ సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు ఎనభై రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద పాపడ్లు వత్తటం మొదలుపెట్టారు. అక్కడ ఎవరు ఎంత వత్తితే అంత కూలి లెక్కకట్టి ఇస్తారు. వత్తిన చేతికి కూలి ఇవ్వకుండా ఆ సంస్థ అంత పెద్దదై ఉండేదా చెప్పండి!

2024 వేసవిలో మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కొన్ని నియమాలు పెట్టుకొన్నాను.

మొదటిది ధర. సరుకు, ప్యాకింగు, నా కూలి, పాడైపోయేదానికి కొంత కలుపుకొని కిలో ఏడు వందలు పెట్టాను. కొరియర్ ఖర్చు వేరే అని ముందే రాశాను. కొంతమంది "అమ్మో, అంతా?" అని మానుకొన్నారు. మొదట్లో గుండె గుబేలుమంది. మానుకోని వారు మానుకోలేదు.

రెండవది ప్యాకింగు. గాజు సీసాలో కిలో ఆవకాయ పెట్టి అట్టపెట్టెలో సర్దితే కాటా మీద కిలోన్నర దాటేది. పైగా చాలా కొరియర్ వాళ్ళు బరువుతో పాటు పెట్టె కొలతలు కూడా చూసి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకొంటారు. పెద్ద పెట్టెలో చిన్న సీసా పెడితే ఖాళీ జాగాకు మనం డబ్బు కట్టినట్టే. ఇప్పుడు దళసరి కవర్లలో పోసి, ఒకదానిపై ఒకటిగా రెండు కవర్లు సీలు చేస్తున్నాను. మూడో నాడు తిరగకలిపి, జాడీలో బాగా ఊరిన తరువాతనే కవర్లకు ఎత్తుతాను. బేరాలు పుచ్చుకోక ముందే ఒక ప్యాకెట్టు మా చెల్లెలికి పంపి, ఎలా చేరిందో ఫోటో తీసి పంపమన్నాను. ఆ పని మొదటి ఏడే చేసి ఉంటే ఆరు కిలోలు నేలపాలు కాకపోను.

మూడవది చట్టం. ఇంట్లో వండి అమ్మినా, ఆహార పదార్థం అమ్మేవారు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు కావాలి. ఇంటి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారిచ్చే 14 అంకెల నెంబరు, సరుకు పేరు, అందులో ఏమేమి కలిపారో, బరువు, తయారైన తేదీ, ధర, మన చిరునామా ప్యాకెట్టు మీద ఉండాలి. ఎక్కడో ఉన్నవారు మన ముఖం చూడకుండా కొంటున్నారు. ఆ చీటీయే వారికి మన ముఖం.

నాలుగవది జాగ్రత్త. ఒకాయన తాను మిలటరీలో పని చేస్తున్నానని, పది కిలోలు కావాలని ఫోను చేశాడు. "ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీ పిన్ నెంబరు కొట్టండి, డబ్బు మీకు పడుతుంది" అన్నాడు. నా వేలు పిన్ మీదకు వెళ్ళింది కూడా. అమ్మాయి చటుక్కున ఫోను లాగేసుకొంది. గుర్తుంచుకోండి: పిన్ కొట్టేది డబ్బు ఇవ్వటానికే గాని పుచ్చుకోవటానికి కాదు. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపటానికి అంత వీలు.

అయిదవది వేళ. ఫోనులో జవాబులు చెప్పేది పగలు పదకొండు నుంచి నాలుగు దాకానే. జవాబు చెప్పటం కూడా పనే గదా!

ఆ ఏడు అమ్మింది ఇరవై ఎనిమిది కిలోలే. ముందటి ఏటికన్నా పన్నెండు కిలోలు తక్కువ. సీలు వేసే మిషను ఖరీదు 1,500తో సహా ఖర్చులన్నీ పోను 7,700 మిగిలాయి. ఇరవై రోజుల పనికి రోజుకు 385 రూపాయలు. సాయానికి వచ్చిన ఆవిడ కూలిని నేనింకా అందుకోలేదు సుమండీ! అయినా ఈసారి నోటు పుస్తకంలో "అమ్మ కూలి" అని ఒక వరుస ఉంది.

మా అత్తగారికి ఒక జాడీ ఎప్పటిలాగే విడిగా తీసిపెట్టాను. ఆవిడ అందులోంచి ఇరుగు పొరుగులకు పంచుతూనే ఉన్నారు. ఆ జాడీ ఖర్చు కూడా లెక్కలో రాశాను, ఇంటి ఖర్చు కింద. పెట్టేది పెట్టటమే, అమ్మేది అమ్మటమే. రెండూ కలిపేస్తేనే చిక్కు.

కాబట్టి సోదరీమణులారా, ఊరగాయలే కానివ్వండి, కుట్టుపనే కానివ్వండి, ఫోనులో అమ్మకం మొదలుపెట్టే ముందు ఒక నోటు పుస్తకం కొనుక్కోండి. అందులో మొట్టమొదటి వరుసలో మీ కూలి రాసుకోండి. మిగతా ఖర్చులన్నీ ఆ తరువాత.