నిమోనియా మాత్రలు – మన అజాగ్రత్త
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను, బడిపంతులును. అయినా నిమోనియా గురించి మాట్లాడటానికి లేచానంటే కారణం నా స్వంత తప్పే.

ఒక రంజాన్ నెలలో మా అమ్మీకి జ్వరం, దగ్గు, ఊపిరి తీస్తే పక్కలో పోటు వచ్చాయి. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి నిమోనియా అన్నారు. ఆస్పత్రిలో చేరనక్కరలేదు, అమాక్సిసిలిన్ రోజుకు మూడు పూటలా వేయండి చాలన్నారు. అమ్మీ రోజా విడవనన్నది. నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. సహరీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి వేసి మధ్యాహ్నం మాత్ర ఎగగొట్టాం. మూడో రోజు జ్వరం తగ్గేసరికి అవీ మానేశాం. వారం తిరక్కుండానే ఆయాసంతో అమ్మీని ఆస్పత్రికి మోసుకెళ్ళాను. అల్లా దయవల్ల బతికింది.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, “మాస్టారూ, మూడు ఎక్కాలు చదవమంటే పిల్లవాడు రెండే చదివొస్తే ఊరుకుంటారా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఈ మందు కొద్ది గంటల్లోనే మూత్రంలో పోతుంది. అందుకే మూడు పూటలు. 1941లో ఆక్స్‌ఫర్డులో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెనిసిలిన్ ఇచ్చారు. నిల్వ చాలక ఆయన మూత్రంలోంచి కూడా మందు తీసి మళ్ళీ ఎక్కించారు. కోలుకుంటూ ఉండగానే మందు అయిపోయింది. జబ్బు తిరగబెట్టి ఆ మార్చిలో ఆయన చనిపోయారు. ఆయనకు మందు దొరకలేదు. మనం చేతిలో ఉన్నదే వదిలేస్తున్నాం!

కనుక నా మనవి ఇది. డాక్టరు రాసినన్ని రోజులు, రాసినన్ని పూటలు వాడండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మిగిలిన మాత్రలు పక్కింటివారికి ఇవ్వకండి. మామూలు జలుబుకు ఇవి పనిచేయవు. పెనిసిలిన్ పడనివారు ముందే చెప్పండి. రెండు మూడు రోజుల్లో గుణం కనిపించకపోతే మళ్ళీ చూపించండి. పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా, నీళ్ళు కూడా తాగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.

చంటిబిడ్డ దగ్గుతుంటే నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలు నిండిన బిడ్డకు ఏడాదిలోపు 50 గానీ అంతకు మించి గానీ, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు చూపాలి. రెండు నెలలలోపు పసికందైతే లెక్కల కోసం ఆగవద్దు.

జబ్బుపడ్డవారు రోజా తర్వాత ఉండవచ్చునని ఖురానే అనుమతి ఇచ్చింది. మా అమ్మీ ఆరోగ్యం కుదిరాక ఆ రోజాలన్నీ ఖజా చేసుకున్నది. ఈ సంగతి నలుగురిలో చెప్పమన్నదీ ఆమే.

ఖుదా హాఫిజ్.