పాత కారులో ఇంట కూర్చిన కంప్యూటరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కాజీపల్లి గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కోరిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. నేను పండితుడను కాను. పదవ తరగతి చదివి, ఐటీఐలో విద్యుత్పని నేర్చి, ఈ పారిశ్రామికవాడలోని యొక కర్మాగారమున ముప్పది యేండ్లు ఎలక్ట్రీషియనుగా పనిచేసి విశ్రమించినవాడను. నా పాత కారులో నేను కూర్చి అమర్చుకొన్న కంప్యూటరును గూర్చి చెప్పుమని వారి ఆజ్ఞ. ఊరిలో కొందరు దానిని గొప్పగా చెప్పుకొనుచున్నారు. మరికొందరు ముసలితనపు వెర్రి యనుచున్నారు. ఉభయుల మాటలలోను కొంత నిజమున్నది. ఎవరి మాట ఎంతవరకు నిజమో ఈ ప్రసంగము ముగియునప్పటికి మీరే నిర్ణయింతురు గాక.

పాత వాహనములో క్రొత్త విద్యను ఎక్కించుట మన గ్రంథాలయోద్యమమునకు క్రొత్త గాదు. 1935లో పాతూరి నాగభూషణము గారు పడవలో పుస్తకములు నింపి, కాలువ వెంబడి పల్లెపల్లెకును గ్రంథాలయమును నడిపించిరి. ధాన్యము మోయు పడవ పుస్తకములు మోసెను. అంతకు ముందే, 1906లో, హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వారు చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములను గూడ తెలుగున అచ్చువేయించి, శాస్త్రము తెలుగువాని యింటికి రావలెనని తలచిరి. వారి ఋణము కొంతయైనను తీర్చుకొనుటకే నా అనుభవమును తెలుగున చెప్పుచున్నాను.

నా కారు 1997 నాటి మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను, కార్బురేటరు గలది. మా వీధిలో అర్ధరాత్రి ఎవరికైన ఆపద వచ్చినచో పిలువదగిన బండి చాలకాలము అదియొక్కటే. ఒక వేసవి మధ్యాహ్నము, పొరుగింటి పెద్దాయనకు ఆయాసము హెచ్చగా, ఆయనను వెనుక సీటున పరుండబెట్టి పటాన్‌చెరు దారి పట్టితిని. సగము దారిలో ఇంజను పొగలు గ్రక్కి నిలిచిపోయెను. నా ముందున్న ఉష్ణమాపకపు ముల్లు మాత్రము కదలక మెదలక చల్లగా కూర్చుండెను. అది చచ్చి ఎన్ని నెలలైనదో నేను గమనింపలేదు. దారిన పోవు ఆటోవా డొకడు దేవునివలె ఆగి ఆయనను తీసికొనిపోయెను. ఆయన బ్రదికిరి. ఇప్పుడు మొదటి వరుసలో కూర్చుండి నన్ను చూచి నవ్వుచున్నారు. కాని ఆ అరగంట నేను రోడ్డుప్రక్కన నిలిచి యనుభవించిన సిగ్గు నేటికిని నన్ను విడువలేదు. ఈ పని కంతకును అదియే కారణము.

మోటారు బండిలో ఎలక్ట్రానిక్ విద్య చేరుట నేటి మాట కాదు. 1967లో జర్మనీలో బాష్ సంస్థవారు ఇంధనమును కొలిచి చిమ్ము ఎలక్ట్రానిక్ పద్ధతిని వోక్స్‌వాగన్ కారులో ప్రవేశపెట్టిరి. ఆ యేడే మన హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ నెలకొన్నది. దానికి ఆద్యులు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. 1969లో ఆ సంస్థనుండి టీడీసీ-12 అను భారతీయ కంప్యూటరు వెలువడెను. ఆ కాలమున కంప్యూటరునకు ప్రత్యేకముగా ఒక గది కావలెను. 2012లో ఇంగ్లండు దేశమున రాస్‌బెర్రీ పై అను కంప్యూటరు వచ్చినది. అది అరచేతిలో ఇముడును. పిల్లలు నేర్చుకొనవలెనని చౌకగా చేసినది. నేను వాడినది ఆ తరగతి యంత్రమే.

క్రొత్త కార్లలో ఇంజనును ఏలు చిన్న కంప్యూటరు కర్మాగారమునుండియే వచ్చును. స్టీరింగు క్రింద నుండు సాకెటునకు తీగ తగిలించినచో ఇంజను తన క్షేమసమాచారము తానే చెప్పును. కార్బురేటరు బండికి అట్టి నోరు లేదు. దానికి నాడి పట్టుకొని చూడవలసినదే. అందువలన ఉష్ణమాపకములను నేనే కట్టి, బ్యాటరీ వోల్టేజీని నేనే కొలిచి, ఆ లెక్కలను కంప్యూటరున కందించితిని. లెక్కలను చదువు ప్రోగ్రాము వ్రాయుట నాకు రాదు. ఈ గ్రంథాలయమునకు పరీక్షల చదువుకై వచ్చు ఒక విద్యార్థి సాయంకాలములందు ఈ బల్లమీదనే నాకు పైథాన్ భాష నేర్పెను. నేను అతనికి టంకము పెట్టుట నేర్పితిని. ఎవరికి ఎవరు గురువో నేటికిని తేలలేదు.

ఇక నా తప్పుల కథ చెప్పెదను. విజయముకంటె అదియే మీకు హెచ్చుగా ఉపకరించును.

మొదటి తప్పు ఫ్యూజు విషయము. ముప్పది యేండ్లు ఎలక్ట్రీషియనునైన నేను, "పన్నెండు వోల్టులే గదా, ఏమి చేయును?" అని అలక్ష్యము చేసి, బ్యాటరీనుండి తీగను తిన్నగా లోనికి లాగితిని. పన్నెండు వోల్టులు ముట్టినవానికి షాకు కొట్టదు, నిజమే. కాని తీగ ఎక్కడనైన ఒరసికొని బండి ఇనుమునకు తగిలినచో ఆ చిన్న బ్యాటరీయే వందల ఆంపియర్ల విద్యుత్తును క్షణములో పోయగలదు. మూడవనాడు డ్యాష్‌బోర్డు క్రిందినుండి కాలిన వాసన, వెనువెంటనే పొగ. బ్యాటరీ తీగ ఊడబెరికి బయటపడితిని. ఇంకొక నిమిషము ఆలస్యమైనచో ఈ ప్రసంగమునకు కారును ఉండెడిది కాదు, వక్తయు ఉండెడివాడు కాడేమో. ఆ పిదప బ్యాటరీ ధన ధ్రువమునకు జానెడు దూరములోపలనే మూడు ఆంపియర్ల ఫ్యూజును పెట్టితిని. తీగ ఇనుప గోడను దాటు రంధ్రమున రబ్బరు బిళ్ళ అమర్చితిని. ఫ్యూజు కాపాడునది పరికరమును కాదు, తీగను. కనుక అది తీగ పుట్టినచోటనే ఉండవలెను.

రెండవది వోల్టేజీ. కంప్యూటరునకు కావలసినది ఐదు వోల్టులు. బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 12.6 వోల్టులు; ఇంజను తిరుగునప్పుడు సుమారు పదునాలుగు; తాళము త్రిప్పి స్టార్టు చేయునప్పుడు తొమ్మిదికో పదికో దిగజారును. దీనిని ఐదుకు దింపి స్థిరముగా నుంచుటకు కన్వర్టరు కావలెను. మొదట నేను కొన్నది మిక్కిలి చౌకది. స్టార్టు చేసినప్పుడెల్ల కంప్యూటరు మూర్ఛపోయి లేచెడిది. మంచిది మార్చిన పిదపనే కుదుటపడెను.

మూడవది లెక్క చూడకుండుట. ఈ యంత్రము ఐదు వాట్లు వాడుననుకొందము. కన్వర్టరులో వృథా పోవుదానిని గలిపినచో పన్నెండు వోల్టుల వద్ద సుమారు అర ఆంపియరు. నా బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. డెబ్బది గంటలలో అది పూర్తిగా ఎండిపోవును. అందులో సగము పోయినను పాత బ్యాటరీ ఇంజనును త్రిప్పలేదు. రెండు రాత్రులు మరచిపోయినచో మూడవనాడు బండి కదలదు! ఆపదకు ఆదుకొనుటకని పెట్టిన పరికరమే ఆపద యగును. అట్లని తాళము తీయగానే విద్యుత్తును తెగగొట్టినచో కంప్యూటరు జ్ఞాపకపు కార్డు చెడిపోవుచుండెను. కావున తాళము తీసిన పిదప ఒక నిమిషమువరకు విద్యుత్తు నిచ్చు టైమరు రిలే పెట్టితిని. ఆ నిమిషములో అది తన పద్దులు వ్రాసికొని తానే కన్ను మూయును. చక్కని గుమాస్తావలె, పద్దు వ్రాయక దుకాణము మూయదు.

నాలుగవది ఎండ. వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు పొయ్యితో సమానము. ఈ చిప్పు వేడి ఎనుబది డిగ్రీలు దాటగానే తన వేగమును తానే తగ్గించుకొనును. అందుచేత దానిని అద్దము క్రింద అందముగా పెట్టుట మాని, ముందు సీటు క్రింద గాలి యాడుచోట బిగించితిని.

ఇట్లు పని పూర్తియైన పిమ్మట దినదినమును వేడి యెంతయో అది వ్రాయసాగెను. రేడియేటరు పై గొట్టమునకు కట్టిన ఉష్ణమాపకము, అదే దారిలో, అదే వేళకు, వారము వారమునకు ఒకటి రెండు డిగ్రీలు హెచ్చు చూపుచుండెను. మెకానిక్కు బండి బాగుగనే యున్నదనెను. నేను ఆ పద్దును కాగితముమీద గీసి చూపగా ఆలోచించి, రేడియేటరు విప్పెను. లోపల సన్నని గొట్టములన్నియు తెల్లని ఉప్పుగడ్డలతో పూడియుండెను. ఏండ్ల తరబడి నేను పోసినది మన బోరునీరే! కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన ఆడపడుచు లందరు ఎరుగుదురు. అదే పెచ్చు ఇంజను గొంతు నులిమినది. నాటినుండి శుద్ధజలముతో కలిపిన కూలెంటు తప్ప మరియొకటి పోయుట లేదు.

ఇచ్చట ఒక మాట. నీటిని గూర్చి ఈ ప్రాంతమువారికి చెప్పవలసినదేమున్నది? పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టున వ్యాజ్యము పడినది. చెరువు రంగు మారినదని, బోరు రుచి మారినదని మన పెద్దలు నోటితో ఎన్నిమార్లో చెప్పిరి. నోటిమాట గాలికి పోవును. తేదీ వేసి వ్రాసిన పద్దు నిలుచును. నా మెకానిక్కు నా మాటను వినలేదు. నా పద్దును విన్నాడు. కొలిచి వ్రాయుట నేర్చిన ఊరికి అది కారునకే పరిమితము కానక్కరలేదు.

ఇంతటితో నా పరికరము సర్వజ్ఞమైనదని గర్వించితిని. దానికి ప్రాయశ్చిత్తము వెంటనే కలిగెను. ఒకనాడు పోవుచుండగా వేడి 88 నుండి 80కి, 74కు దిగుచున్నట్లు తెర చూపెను. "బండి ఎంత చల్లగా నడుచుచున్నది!" అని సంతసించితిని. కొంతసేపటికి ఇంజను టకటకమని కొట్టుకొని ఆగెను. చూడగా గొట్టము చిట్లి నీరంతయు కారిపోయినది. ఉష్ణమాపకము గొట్టమున కట్టినది గదా! వేడినీరు రాని గొట్టము చల్లబడెను; యంత్రము ఆ చల్లదనమునే సత్యముగా చెప్పెను. అది అబద్ధమాడలేదు. నేను అడిగిన ప్రశ్నయే తప్పు. గొట్టము సంగతి అడిగి ఇంజను సంగతి తెలిసినదనుకొంటిని. ఆ గర్వమునకు హెడ్ గాస్కెటు ఖర్చు చెల్లించితిని.

ఇప్పుడు రెండవ ఉష్ణమాపకమును ఇంజను తలమీది లోహమునకే బిగించితిని. రెండింటికిని మిక్కిలి భేదము వచ్చినను, ఇంజను తిరుగుచుండగా గొట్టపు వేడి హఠాత్తుగా పడిపోయినను హెచ్చరిక వచ్చును. ఆ హెచ్చరిక తెరమీద రాదు. నడుపువాని కన్నులు రోడ్డుమీద నుండవలెను గాని తెరమీద కాదు. మా మనుమరాలి గొంతు పట్టి యుంచితిని. "తాతా, ఇంజన్ కాగుతున్నది, బండి ఆపు!" అని అది అరచును. ఎన్ని యంత్రముల మాటనైన పెడచెవిని పెట్టవచ్చును గాని, ఆ మాటను కాదనుట నా తరము కాదు. అయినను ప్రతి ఉదయము, ఇంజను చల్లగా నున్నప్పుడే, మూత తీసి నీటిని కంటితో చూచుట మానలేదు. వేడిమీద మూత తీయకుడు. మరిగిన నీరు ముఖముపై చిమ్మును.

నా పని చిన్నది. పెద్ద పనులు మన సమీపముననే జరుగుచున్నవి. 2018లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారు కెమెరా కట్టిన కారును మన రోడ్లపై త్రిప్పి, 10,000 చిత్రములను వివరముగా గుర్తించి లోకమునకు అందించిరి. పరదేశపు రోడ్లను చూచి నేర్చిన కంప్యూటరునకు మన దారిన అడ్డువచ్చు ఆవు, ఎదురు వచ్చు ఆటో అర్థము కావు గదా! ఆర్టీసీ బస్సులకు ప్రమాదములను ముందుగా హెచ్చరించు పరికరములను అమర్చు ప్రయత్నమును వారు పూనుకొనిరి. మన సంగారెడ్డి జిల్లాలోనే, కందిలోని ఐఐటీ ఆవరణలో, మనుష్యుడు నడపని వాహనములను పరీక్షించు తిహాన్ క్షేత్రము 2022 జూలైలో ప్రారంభమైనది. మన పిల్లలు ఆ గేటును బయటినుండి చూచి పోవుటతో తృప్తి పడరాదు. లోనికి పోవు దారి ఈ గ్రంథాలయపు గుమ్మమునుండియే మొదలగునని నా నమ్మకము.

యువకులకు మూడు మాటలు. బ్రేకు, స్టీరింగు తీగలజోలికి గాని, బండి నిర్మాణము జోలికి గాని పోకుడు. చట్టమును ఒప్పదు, ప్రాణమును ఒప్పదు. ఫ్యూజు లేక ఒక్క తీగయు లాగకుడు. యంత్రము చెప్పినదానిని నమ్ముటకు ముందు, అది దేనిని కొలిచి చెప్పుచున్నదో అడుగుడు.

నా తీగల పటమును, ప్రోగ్రామును, తప్పుల పట్టికను ఒక నోటుపుస్తకమున తెలుగున వ్రాసి తెచ్చితిని. దానిని ఈ గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. వెనుక కొన్ని పుటలు ఖాళీగా నుంచితిని. నా తరువాత చేయువారు తమ తప్పులను అందు వ్రాయుదురు గాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుటలు నిండవలెనని కోరుచున్నాను.